ఇవ్వకముందే చెప్పిన సాక్ష్యం

అచ్చంపేట,
2 డిసెంబర్ 2022.

తమ్ముడు విజేందర్‌కు అక్క గ్లోరీ రాస్తున్నది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. నీకు ఫోన్ చేస్తే మూడే జవాబులు వస్తాయి. ప్రార్థనలో ఉన్నాను, బండి మీద ఉన్నాను, మళ్లీ చేస్తాను. ఉత్తరమైతే నువ్వు ఇంటికి వచ్చేదాకా బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తుంది. నువ్వు కూడా చేత్తోనే రాయి. బండి నడుపుతూ నువ్వు పంపే ఆ వాయిస్ మెసేజ్‌లలో నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

రాయడానికి నాకు తీరిక ఉంది. మంగళ, గురు, శనివారాలు నాగర్‌కర్నూల్‌లో డయాలసిస్ మిషన్ పక్కన నాలుగేసి గంటలు పడుకోవాలి. ఎడమ చేతికి సూదులుంటాయి, కుడి చెయ్యి ఖాళీ. రోజుకు అర లీటరుకు మించి నీళ్లు తాగొద్దన్నారు. మీ బావ బాలకృష్ణ మోటర్ల వైండింగ్ దుకాణం మూసుకుని నన్ను తీసుకెళ్తాడు, తీసుకొస్తాడు. ఇద్దరం కలిసి చేసే పని ఇప్పుడు అదొక్కటే.

మొన్న కోత పండుగ నాడు మోత్కూరు చర్చిలో దేవుని మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ నువ్వు లేచి నిలబడితే, బడిలో ప్రమోషన్ వచ్చిందేమో అనుకున్నాను. "దేవుడు నాకు రెండు కిడ్నీలిచ్చిండు. ఒకటి మా అక్క కోసమే ఇచ్చిండు. అది అక్కకు ఇస్తున్న" అన్నావు. చర్చి అంతా ఏడ్చింది. నేను అందరికంటే ఎక్కువ ఏడ్చాను. చిన్నప్పుడు నా వాటా బెల్లం కూడా గుంజుకు తిన్నవాడివి నువ్వు.

ఆ సాయంత్రమే తిరుమలగిరికి, నాకు కిడ్నీ ఇస్తానన్న మన చెల్లె సుహాసినికి ఫోన్ చేసి, ఇక నువ్వు ఇవ్వనక్కర్లేదని చెప్పాను. పాపం, దాని అత్తమామలు ఒప్పుకునే ఉన్నారు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లలు లేని దాన్ని కోయించడం నాకే మనసొప్పలేదు.

డిసెంబర్ 14, బుధవారం. హైదరాబాద్ పెద్ద దవాఖానలో నాకూ నీకూ మొదటి పరీక్షలు. ఒక్క రోజు పని. బడికి సెలవు పెట్టు, మరదలు స్వరూపను కూడా తీసుకురా.

మీ అక్క.


మోత్కూరు,
19 డిసెంబర్ 2022.

ప్రభువునందు మిక్కిలి ప్రియమైన అక్కకు, ఆయన కృపలో నిలిచి ఉన్న నీ తమ్ముడు విజేందర్ అనేక వందనాలతో రాస్తున్న లేఖ.

పద్నాలుగున రాలేకపోయాను. అక్కా, ఇది క్రిస్మస్ నెల. తిరుమలగిరిలో సెమీ క్రిస్మస్, ఇక్కడ యువకుల నాటకం, ఊరంతా క్యారల్స్. నలభై ఇళ్లకు వెళ్లాలి, ఏ ఇంట్లో టీ తాగకపోయినా వాళ్లు నొచ్చుకుంటారు. సంఘానికి సెక్రటరీని నేనే, పాటల బృందం నేనే, సండే స్కూలు నేనే. బుధవారం పొద్దున ఒక ముసలాయన వచ్చి, కొడుకు మాట్లాడటం లేదు, వచ్చి ప్రార్థన చేయమని గేటు పట్టుకుని నిలబడ్డాడు. కాదు అనడం నాకు రాదు. అన్నా, పది నిమిషాలు అంటూ ఎవరు వచ్చినా ఆ మనిషిని దేవుడే పంపాడనిపిస్తుంది.

మంచి కబురు విను. ఇక్కడి ల్యాబ్‌లో రక్తం చూపించుకున్నాను. నీదీ నాదీ ఒకటే గ్రూపు. తిరుమలగిరి కూటంలో ఇది చెప్తే జనం చప్పట్లు కొట్టారు. మన సాక్ష్యం విన్నవాళ్లు ఇంకో మూడు సంఘాలకు రమ్మన్నారు. పది ఊళ్ల ప్రార్థనల్లో ఇప్పుడు నీ పేరు ఉంది. జనవరిలో తప్పకుండా వస్తాను. నీళ్ల విషయం జాగ్రత్త.

నీ తమ్ముడు.


అచ్చంపేట,
31 జనవరి 2023.

తమ్మునికి,

జనవరి అయిపోయింది. నీ కిడ్నీని మొన్న శనివారం నేను ఫోన్‌లో చూశాను.

నా పక్క మంచం ఈదమ్మది. అరవై దాటిన మనిషి, ప్రతి మాటకూ స్తోత్రం అంటుంది. మనవరాలు పంపిందని ఒక వీడియో చూపించింది. భువనగిరి వైపు ఏదో కూటం. అక్కకు ప్రాణదానం చేసి, కుట్లు మానకముందే సేవకు వచ్చిన మనిషి అని అక్కడి పాస్టరుగారు నిన్ను పరిచయం చేశారు. శాలువా కప్పారు. నువ్వు చేతులు జోడించి తల వంచుకున్నావు. అయ్యగారూ, ఇంకా కోయలేదండీ అని ఒక్క మాట అనలేదు. పైగా నడుము మీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా కూర్చున్నావు.

ఈయన మా తమ్ముడే అన్నాను ఈదమ్మతో. ఆమె నా ముఖం చూసింది, నా చేతికున్న సూదులు చూసింది, తిరుగుతున్న మిషన్ చూసింది. "అయితే నీకు ఇంకో అక్క గిట్ల ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.

ఉన్నది, ఆమె బాగైపోయింది అన్నాను.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే. నవ్వుతూ రాస్తున్నాననుకోకు, నాకు చాలా కోపంగా ఉంది. పద్నాలుగున నేను ఒక్కదాన్నే వెళ్లి నా పరీక్షలన్నీ చేయించుకున్నాను. అన్నీ బాగున్నాయి, మనిషిని పట్టుకురా అమ్మా, అన్నారు. ఫిబ్రవరిలో నాకు ఒక రోజు ఇవ్వు. కిడ్నీ సంగతి తర్వాత, ముందు రోజు ఇవ్వు.

గ్లోరీ.


మోత్కూరు,
6 మార్చి 2023.

ప్రియమైన అక్కకు వందనాలు.

ఫిబ్రవరి పదిహేనున వచ్చాను కదా. రక్తం ఇచ్చాను, నీకూ నాకూ అన్నీ కలిశాయన్నారు, నువ్వు నా తల నిమిరావు. మధ్యాహ్నమే వెళ్లిపోయానని మనసులో పెట్టుకోకు, సాయంత్రం ఒక కృతజ్ఞత కూటం ఒప్పుకుని ఉన్నాను. ఇక మిగిలింది ఆ మూడు రోజులు దవాఖానలో ఉండి చేయించుకునే పరీక్షలే.

ఈస్టర్ ముందు శ్రమల దినాలు మొదలయ్యాయి. నలభై రోజులు, రోజుకో ఇంట్లో ప్రార్థన. వరసలో ఒక ఇల్లు తప్పితే ఆ ఇంటివాళ్లు ఏడాది పొడుగునా మాట్లాడరు. మధ్యలో మహబూబ్‌నగర్‌లో యువకుల రిట్రీట్‌కు పిలిచారు. నా అంశం ఏమిటనుకున్నావు? క్రైస్తవుని సమయ పాలన. బోర్డు మీద రోజును ఇరవై నాలుగు గళ్లు చేసి గీశాను. ఏ గడి దేవునిది, ఏది ఇంటివాళ్లది, ఏది శరీరానిది అని రంగులు వేయించాను. పిల్లలు ఏడ్చేశారు. తిరిగి వచ్చేటప్పుడు నాగర్‌కర్నూల్ దాకా వచ్చి నిన్ను చూద్దామనుకున్నాను. ఆ రోజు శనివారమే. కానీ కారు వేరేవాళ్లది.

ఆ వీడియో గురించి. నలుగురిలో సరిదిద్దితే పిలిచిన పాస్టరుగారి పరువు పోతుంది. విశ్వాసంతో చూస్తే జరగబోయేది జరిగినట్టే కదా. లాజరు జబ్బుపడ్డాడని కబురు వచ్చినా ప్రభువు రెండు రోజులు ఆగాడు. ఆలస్యంలో కూడా ఆయన మహిమ ఉంటుందక్కా. ధైర్యంగా ఉండు.

విజేందర్.


అచ్చంపేట,
23 మార్చి 2023.

విజేందర్‌కు,

లాజరు ఇంటికి ఆయన ఆలస్యంగానే వెళ్లాడు. వెళ్లి సమాధిలోంచి లేపాడు. నువ్వు ఆలస్యంగా వచ్చి ఏం చేస్తావు? జ్ఞాపకార్థ కూటం పెడతావు. అంతకు మించి నీ చేతిలో ఏముంది?

నాకు తెలిసిన యేసుకు కాదనడం తెలుసు. జనమంతా వెతుకుతుంటే వాళ్లను వదిలి ఒంటరిగా కొండెక్కాడు. పక్క ఊరికి పోదాం పదండి అన్నాడు, ఆ ఊళ్లో రోగులు ఇంకా మిగిలే ఉన్నా. మోషే పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా జనం పంచాయితీలు తీరుస్తుంటే, ఇట్లయితే నువ్వూ ఆగమైతావు, జనమూ ఆగమైతారు, పని పంచుకో అని వాళ్ల మామ చెప్పాడు. మోషే విన్నాడు. నీకు మామ లేడు, అందుకని అక్కను నేను చెప్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. సుహాసిని ఇంకా సిద్ధంగానే ఉంది. కానీ దాని అత్త అడ్డం తిరిగింది. "మొగోడు, సొంత తమ్ముడు, చర్చిల అందరి ముందట ఇస్త అన్నంక మా కోడలి కడుపెందుకు కోయాలె?" అంటున్నది. ఆమె తప్పేమీ లేదు. నువ్వు ఇవ్వనంటే తప్ప ఆమెను ఒప్పించలేను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టయింది నా పని.

నాకు ఒక్క కాదు రాసి పంపు. ఎందుకని అడగను. ఎవరికీ చెప్పను. డాక్టర్లే వద్దన్నారని నేనే చెప్తాను, ఆ అబద్ధపు పాపం నా మీదే ఉండనీ. నీ శాలువాలు నీ దగ్గరే ఉంటాయి. మనిషిగా నీ మీద నాకు గౌరవం పెరుగుతుంది కూడా. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది తమ్ముడూ. ఈస్టర్ లోపల రాయి.

అక్క.


మోత్కూరు,
11 ఏప్రిల్ 2023.

అక్కకు,

నీ ఉత్తరం నన్ను చాలా బాధపెట్టింది. గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల ఆరాధనలో నిలబడి కూడా నీ మాటలే తలచుకున్నాను. దేవుని పని చేసేవాణ్ని ఇట్లా అనవచ్చా?

నేను కాదు అని రాయను. అవునంటే అవునే అని పిల్లలకు నేర్పేవాణ్ని, మాట ఇచ్చి వెనక్కి తీసుకుంటే ఏ ముఖంతో వాక్యం చెప్పాలి? సుహాసినిని పిలవకు. చెల్లెను కోయించి అన్న పాటలు పాడుకుంటూ తిరిగాడని జనం అంటారు.

మే ఇరవై దాకా పిల్లల సెలవుల బైబిల్ బడి ఉంది. నూట పది మంది పిల్లలు, కాదనడానికి లేదు. ఆ తర్వాత మే 29, 30, 31. ఆ మూడు రోజులూ నీవే. దేవుని సన్నిధిలో రాస్తున్నాను. దవాఖానలో నా పేరు రాయించు.

విజేందర్.


అచ్చంపేట,
6 జూన్ 2023.

విజేందర్,

ఇరవై తొమ్మిదిన నేనూ మీ బావా పెద్ద దవాఖాన మెట్ల మీద పొద్దున ఏడింటి నుంచి కూర్చున్నాం. పదకొండింటికి నీ ఫోన్ వచ్చింది. సంఘ పెద్ద గాలయ్య పోయాడు, ఈ రోజే సమాధి కార్యక్రమం అన్నావు. చావు కదా, ఏమనగలం అన్నాడు మీ బావ.

గాలయ్యను ఇరవై ఎనిమిదినే సమాధి చేశారు. స్వరూప చెప్పింది. నీ భార్యే ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది, ఆమెను ఒక్క మాట అనకు. ఇరవై తొమ్మిదిన నువ్వు ఒక బట్టల దుకాణం తెరుస్తుంటే ప్రార్థన చేశావు.

సుహాసినికి రెండు నెలలు నిండాయి. తొమ్మిదేళ్లకు కడుపు పండింది. ఫోన్‌లో చెప్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. అక్క సంతోషంతో ఏడుస్తోందని అది అనుకుంది. చెల్లె కడుపుతో ఉన్నదని విని గుండె బాదుకున్న అక్కను నన్ను చేశావు. ఇక దాన్ని ఎవరూ అడగలేరు, అడగను.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఎందుకు? కూటాల పేర్లు రాయకు.

గ్లోరీ.


మోత్కూరు,
2 జూలై 2023.

అక్కా,

ఈసారి వందనాలు రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ రోజు తెల్లవారి బ్యాగు సర్దుకుని బస్టాండు దాకా వచ్చాను. భువనగిరి బస్సు కోసం నిలబడి ఉంటే రామచంద్రం ఎదురయ్యాడు. "అన్నా, ఇయ్యాల దుకాణం తెరుస్తున్న. జర ప్రార్థన చేసి పో, పది నిమిషాలే" అన్నాడు. ఆ మాట వినగానే నా ప్రాణం లేచి వచ్చింది. బస్సు వచ్చింది, నా ముందు నుంచే పోయింది. నేను ఆ దుకాణంలో గంటన్నర ప్రార్థన చేశాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ చేయలేదు.

నాకు కత్తి అంటే భయం. ఫిబ్రవరిలో వచ్చినప్పుడు డాక్టరు నా నడుము మీద వేలితో, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా కోస్తాం అని గీసి చూపించాడు. చొక్కా దించుకుని బయటపడ్డాను. స్వరూపకు కూడా చెప్పలేదు. ఆ రోజు నుంచి ఎవరు ఎక్కడికి పిలిచినా అవునన్నాను. పిలవకపోతే నేనే అడిగి మరీ వెళ్లాను. విజేందర్ సారు ఎవరికీ కాదనడు అని ఊరంతా అంటుంది. నేను కాదన్నది నీ ఒక్కదానికే అక్కా, నీకు మాత్రం రోజూ అన్నాను.

కోత పండుగ నాడు లేచింది మాత్రం అబద్ధం కాదు. పాట బాగా కుదిరింది, నువ్వు ముందు వరసలో వాచిన ముఖంతో కూర్చుని ఉన్నావు, నా గుండె నిండింది, లేచాను. ఆ నిమిషంలో అక్కడే కోసినా ఇచ్చేవాణ్ని. ఇంటికి వచ్చి అన్నం తింటుంటే భయం పట్టుకుంది. అప్పటికి అందరూ విన్నారు. వెనక్కి తీసుకోవడానికి సిగ్గు, ముందుకు పోవడానికి భయం. మధ్యలో ఈ కూటాలన్నీ నింపుకున్నాను. దేవుని పని అంటే ఎవరూ ప్రశ్నించరు కదా.

సెక్రటరీ పని ఎల్లేశానికి అప్పగించాను. పాటలు, సండే స్కూలు అన్నీ వదిలేశాను. బడికి ఆగస్టు ఇరవై ఒకటి నుంచి రెండు నెలలు సెలవు పెట్టాను. భయం పోలేదు, భయంతోనే వస్తాను. స్వరూప నా వెంట ఉంటుంది, మధ్యలో నన్ను ఎవరితోనూ పోనివ్వదు. ఒక్క మాట రాయి అక్కా.

విజేందర్.


అచ్చంపేట,
10 ఆగస్టు 2023.

తమ్ముడూ,

నీ ఉత్తరం అంది నెల దాటింది. నువ్వు రాసిన వాటిలో మొదటి నిజమైన ఉత్తరం అది. మూడుసార్లు చదివాను. ఇదే ఉత్తరం ఫిబ్రవరిలో రాసి ఉంటే పిరికోడా అని తిట్టి, నవ్వి, సుహాసినికి ఫోన్ చేసి ఉండేదాన్ని. ఈపాటికి చెంబెడు నీళ్లు ఎత్తి తాగుతూ ఉండేదాన్ని.

నేను కూడా నీ దగ్గర ఒకటి దాచాను. మే నెలలో నువ్వు రాకపోయినా మేము వెంటనే తిరిగి రాలేదు. వచ్చినందుకు నా పరీక్షలైనా మళ్లీ చేస్తామన్నారు. ముప్పయ్యో తారీఖున గుండె చూశారు. పావు వంతే పని చేస్తోందట. మత్తు ఇస్తే బల్ల మీదే పోతానట. ఇక ఆపరేషన్ లేదు. నీదీ అక్కర్లేదు, ఎవరిదీ అక్కర్లేదు.

డాక్టరమ్మ పాత కాగితాలు తిరగేసి, "డిసెంబర్ల గుండె మంచిగనే ఉండె కదమ్మా, అప్పుడెందుకు చేయించుకోలె?" అని అడిగింది. మా తమ్మునికి క్యారల్స్ ఉండె మేడం అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. మీ బావ లేచి బయటికి వెళ్లిపోయాడు.

జూన్‌లో నీకు ఎందుకు అని రాసినప్పుడే ఇదంతా నాకు తెలుసు. కావాలనే రాయలేదు. నువ్వు ఇంకా ఇవ్వాల్సి ఉందనుకుని భయపడాలి, భయపడి ఒప్పుకోవాలి, ఒప్పుకుని బ్యాగు సర్దుకుని ఆ మెట్ల దాకా రావాలి, అప్పుడు చెప్పాలి అనుకున్నాను. నెల రోజులు ఆ ఆలోచనే నాకు తిండి. అది మంచి గుణం కాదని తెలుసు. చివరికి స్వరూప వెంట వస్తుందన్నావని, ఆమెను ఆ మెట్లెక్కించడానికి మనసు రాక ముందే రాస్తున్నాను. నీ మీద జాలితో కాదు.

ఇరవై ఒకటిన రావద్దు. సెలవు రద్దు చేసుకుని బడికి వెళ్లు. నీ ఇద్దరు బిడ్డలతో సాయంత్రం ఇంట్లో కూర్చుని అన్నం తిను. వాళ్లకు నువ్వు ఉన్నావో లేవో నాకు తెలియదు, వాళ్లు నీ గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

క్షమించాను అని నీకు రాయాలి. రాస్తే దాన్ని కూడా ఎక్కడో నిలబడి సాక్ష్యం చెప్తావు. అందుకని రాయను. ఆ సంగతి దేవునితో నేరుగా మాట్లాడుకుంటాను, ఇంకెంతో దూరం లేదు.

క్రిస్మస్ దాకా అన్నది డాక్టరమ్మ. మా పాస్టరుగారికి నా సమాధి కార్యక్రమం రాసి ఇచ్చాను. వాక్యం ఆయన చెప్తారు. పాటలు మహిళా సమాజం పాడుతుంది, నర్సింగమ్మ ఎత్తుకుంటుంది. పెట్టె మోసేది మీ బావ, ఆయన అన్నదమ్ములు. సాక్ష్యం ఈదమ్మ చెప్తానన్నది, అప్పటిదాకా ఆమె ఉంటే. నీ పేరు అందులో ఎక్కడా లేదు. ప్రార్థన చేయమని గాని, రెండు మాటలు చెప్పమని గాని నిన్ను ఎవరూ పిలవరు. తెలియక ఎవరైనా పిలిచినా లేవకు.

ఆ రోజు నీకు ఏ పనీ ఉండదు. వచ్చి వెనక వరసలో కూర్చుని, అంతా అయిపోయేదాకా ఉండు.

అక్క.